కందనకాయ చెప్పే సీమ కథ

నాటుకోడిని కోసినప్పుడు కందనకాయను పారేసే ఇల్లు రాయలసీమలో కనపడదు. దాన్ని నిలువునా చీల్చి, లోపలున్నదంతా దులిపేసి, పసుపుపచ్చని తోలును గోటితో పట్టి లాగేస్తారు. ఆ దులిపేటప్పుడు ఒక్కసారి పరికించి చూడండి. సగం నలిగిన జొన్నగింజలు, పురుగు రెక్క, గడ్డిపోచ, పెసరగింజంత గులకరాళ్లు... ఆ కోడి తిరిగిన ఊరంతా అందులోనే ఉంటుంది! అదే చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన బ్రాయిలర్ కందనకాయైతే మెత్తగా ఉంటుంది. కోడి బరువుతో పోలిస్తే చిన్నది. లోపల కాస్త తడిసిన పిండి ఉంటే ఉంటుంది, లేకపోతే అదీ లేదు.

రెండూ కోళ్లే. రెండింటికీ అదే ముక్కు, అవే పేగులు. మరి కడుపులో ఇంత తేడా ఎందుకొచ్చింది? పుట్టుకతో వచ్చిందా, తిండితో వచ్చిందా?

ఇది వంటింట్లో తీరిగ్గా చెప్పుకునే ముచ్చట మాత్రమే కాదు. కోళ్ల పెంపకంలో పెట్టే ప్రతి వంద రూపాయల్లో 65 నుంచి 70 రూపాయల దాకా దాణాకే పోతాయి. తిన్న దాణాలో ఎంత ఒంటికి పడుతుంది, ఎంత రెట్టలో పోతుంది అన్నదాని మీదే షెడ్డు వేసిన రైతు లాభనష్టాలు ఆధారపడతాయి. పెరట్లో నాలుగు కోళ్లు పెట్టుకుని గుడ్ల డబ్బులతో పిల్లలకు పుస్తకాలు కొనే ఇల్లాలికీ అది అవసరమైన లెక్కే. ఆ లెక్క తేలాలంటే కర్నూలు నుంచి కడప దాకా ఓసారి వెళ్లిరావాలి. దారి పొడవునా చేలలో, షెడ్లలో, పరిశోధన కేంద్రాల్లో ఆ జవాబు ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది.

కాలువ వెంట ప్రయాణం

కర్నూలు నుంచి కడపకు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు... ఇదీ దారి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరే కర్నూలు-కడప కాలువ కూడా కాస్త అటూ ఇటుగా ఈ దారినే వస్తుంది. సాగుకీ, పడవల రాకపోకలకీ పనికొస్తుందని 1860ల్లో తవ్వించిన కాలువ అది. పడవలు ఎప్పుడో ఆగిపోయాయి. నీళ్లు వచ్చినంత మేరా వరి పండుతుంది. కాలువ అందని చోట వానదేవుడే దిక్కు. ఏడాదంతా కలిపి ఇక్కడ పడే వాన 600-700 మిల్లీమీటర్లు. అందుకే సీమ మనిషి తరతరాలుగా జొన్ననీ, కొర్రనీ, సజ్జనీ, రాగినీ నమ్ముకున్నాడు. కోడి మనిషిని నమ్ముకుంది.

దారిలో ఏ పల్లెలోకి మలుపు తిరిగినా పెరటికోడి దినచర్య ఒక్కటే. తెల్లారి గంప ఎత్తగానే నేరుగా దిబ్బ మీదికి. అక్కడ కాలితో గీకి గీకి పురుగుల్ని ఏరుకుంటుంది. ఆ తర్వాత పశువుల కొట్టం. గడ్డివాము కింద రాలిన గింజలు, పేడలో అరగకుండా మిగిలిన గింజలు. కోతల కాలమైతే కల్లంలోనే మకాం. సాయంత్రానికి ఇంటి ముందు చల్లే గుప్పెడు నూకలు, సంగటి అడుగంటు, చేటలో మిగిలిన పొట్టు. ఎవరూ తూకం వేసి పెట్టరు. పెట్టిందీ, దొరికిందీ కలిపితేనే దాని భోజనం.

ఈ భోజనంలో పీచు చాలా ఎక్కువ. మరి దాన్ని కోడి ఎలా అరాయించుకుంటుంది?

నోట్లో లేని పళ్లు కడుపులో...

కోడికి పళ్లు లేవు. మింగిన గింజ ముందు మెడ కింది సంచిలో చేరి నానుతుంది. అక్కణ్నుంచి ఆమ్లం ఊరే చిన్న పొట్టలోకి, దాని వెంటనే కందనకాయలోకి దిగుతుంది. ఈ కందనకాయే కోడికి పన్ను, రోలు, తిరగలి. మందపాటి కండరాలు నిమిషానికి రెండు మూడు సార్లు బిగుసుకుంటూ గింజను నలుపుతాయి. కోడి ఏరుకున్న గులకరాళ్లు అందుకు సాయం చేస్తాయి. మనం గోటితో లాగిపారేసే ఆ పసుపు తోలే లోపలి గోడలకు కవచం. గింజ తగినంత మెత్తబడే దాకా కందనకాయ దాన్ని కిందికి వదలదు.

తర్వాత చిన్నపేగు. పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు... ఒంటికి పట్టేదంతా చాలావరకు అక్కడే ఇంకిపోతుంది. చివర్లో రెండు గుడ్డిపేగులు ఉంటాయి. ఒక్కోటీ జానెడు పొడవు. అందులోకి ముతక పీచు వెళ్లదు. నీళ్లూ, మెత్తని రేణువులూ మాత్రమే వెళ్తాయి. అక్కడుండే సూక్ష్మజీవులు ఆ కాస్త పీచునీ పులియబెట్టి కోడికి కొద్దిగా శక్తినిస్తాయి. పెరట్లో అప్పుడప్పుడూ కనిపించే జిగటలాంటి ముదురు గోధుమరంగు రెట్ట ఈ గుడ్డిపేగుల నుంచి వచ్చిందే. అది చూసి కోడికి జబ్బు చేసిందని కంగారు పడక్కర్లేదు.

ఆవుకి నాలుగు గదుల పొట్ట ఉంది. గడ్డిని గంటల తరబడి నెమరేస్తుంది, పులియబెడుతుంది. కోడికి అంత తీరిక లేదు. ముక్కుతో పొడిచిన గింజ కొన్ని గంటల్లోనే రెట్టగా బయటికొచ్చేస్తుంది. కాబట్టి పీచు నుంచి కోడి శక్తి పిండుకోవడం తక్కువే. అలాగని పీచు దండగా? అది తేల్చుకోవాలంటే నంద్యాలలో ఆగాలి.

నంద్యాల... గింజల ఊరు

2022లో కొత్త జిల్లాకు కేంద్రమైన నంద్యాలలో వ్యవసాయ పరిశోధన 1906 నుంచీ సాగుతోంది. పత్తి, జొన్న, కొర్ర, శనగ, పొద్దుతిరుగుడు... ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పనిచేసిన పంటల జాబితా చూస్తే సీమ నేల చరిత్ర చదివినట్టే ఉంటుంది. నంద్యాల తెల్లజొన్నలు, 'సూర్యనంది' కొర్ర ఇక్కణ్నుంచి వచ్చినవే.

ఇప్పుడు ఈ గింజల్ని కోడి కళ్లతో చూద్దాం. నూటికి ఎంత పీచు ఉందన్న లెక్క వేస్తే మొక్కజొన్నలో రెండు, రెండున్నర వంతులు. జొన్న, సజ్జల్లో రెండు నుంచి మూడు. రాగిలో మూడు నాలుగు. పొట్టు తీయని కొర్రలో ఏడెనిమిది. నూనె తీసిన వరి తౌడుకి వస్తే 13-16. పొట్టు తీయకుండా గానుగాడిన పొద్దుతిరుగుడు చెక్కలో పాతిక, ఆపైన కూడా. బ్రాయిలర్ దాణాలో మొత్తం పీచు అయిదు శాతం దాటకుండా చూస్తారు. ఇప్పుడర్థమైంది కదూ, దాణా మిల్లులన్నీ మొక్కజొన్న వెంట ఎందుకు పడతాయో! 'తవుడు తింటూ వయ్యారమా' అన్న సామెత బ్రాయిలర్‌కి బాగా వర్తిస్తుంది. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటాల్సిన పిల్లకి తౌడుతో కడుపు నింపితే, కడుపు నిండుతుంది గానీ ఒళ్లు నిండదు.

అయితే పీచంతా ఒక్కటి కాదు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి నీళ్లలో కరిగేది. గోధుమ, బార్లీల్లో ఎక్కువ. అది పేగులో జిగురులా తయారై మిగతా తిండి కూడా సరిగ్గా అరగకుండా అడ్డుపడుతుంది. రెట్ట జిగటగా మారి షెడ్డులో పరిచిన పొట్టు తడితడిగా అవుతుంది. అందుకే గోధుమలు మేపే దేశాల్లో దాణాలో ఎంజైములు కలుపుతారు. రెండోది కరగని పీచు. ధాన్యపు ఊక, గింజల పైపొట్టు, గడ్డిపోచ... ఇవన్నీ ఆ కోవే. మన జొన్న, సజ్జల్లో జిగురు చేసే పీచు తక్కువ. ఆ రకంగా సీమ గింజలు కోడి పేగుకు మేలైనవే.

కరగని పీచు గురించి చాలాకాలం పాటు అందరిదీ ఒకటే మాట. అది ఒట్టి బరువు, దాణాలో చోటు తినేస్తుందని. నార్వేలో జరిగిన పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. 2003లో ప్రచురించిన ఫలితాల్లో తేలిందేమిటంటే... ఓట్స్ ఊకలాంటి ముతక పీచును కొద్దిగా కలిపితే కోడి కందనకాయ పెద్దదైంది, దాణాలోని పిండిపదార్థం మరింత బాగా అరిగింది. ముతక పీచు కందనకాయలో ఎక్కువసేపు నిలిచి, దానితో పని చేయిస్తుంది. పని చేసే కండ బలపడుతుంది. రోజూ రాగులు విసిరే చేతికీ, మిక్సీ మీట నొక్కే చేతికీ ఉన్న తేడా లాంటిదే ఇది! మెత్తగా ఆడించిన దాణాతో కందనకాయకు పనే ఉండదు. గింజ ఆగకుండా కిందికి జారిపోతుంది.

విచిత్రమేమిటంటే కోడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. దాణాలో ముతక పీచు లేకపోతే అది కాళ్ల కింద పరిచిన పొట్టునే పొడుచుకు తింటుంది. సీమలో చాలా షెడ్లలో కింద పరిచేది వరి ఊక, లేదంటే వేరుశనగ పొట్టు. కర్నూలు వైపు బుడ్డలంటారు, కడప వైపు శనక్కాయలంటారు. పేరేదైనా ఆ పొట్టు పొడిగా ఉండాలి. బూజు పట్టిన వేరుశనగ పొట్టు, చెక్క కోడి కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

రోడ్డు పక్కన పొడవాటి షెడ్లు

నంద్యాల దాటి ఆళ్లగడ్డ వైపు సాగితే దారి పక్కన రాళ్లు చెక్కే శిల్పులు కనిపిస్తారు. ఈ దారికి కాస్త లోపలికి అక్కడక్కడా తెల్ల రేకుల కింద, పక్కలకు ఇనప జాలీలతో పొడవాటి బ్రాయిలర్ షెడ్లూ ఉంటాయి. పిల్లల్నీ, దాణానీ, మందుల్నీ కంపెనీ ఇస్తుంది. షెడ్డూ కరెంటూ కాయకష్టమూ రైతువి. పెంచినందుకు కిలోకి ఇంత అని కూలీ కడతారు. దాణా ఎంత తింటే కోడి ఎంత బరువు వచ్చిందన్నదే ఆ కూలీని తేల్చే కొలత. ఇప్పటి బ్రాయిలర్ కిలో బరువు పెరగడానికి దాదాపు కిలోన్నర నుంచి కిలో ముప్పావు దాణా తింటుంది.

ఇది దాణా మహిమా, జాతి మహిమా? కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు ఈ ప్రశ్నకు చక్కని పరీక్ష పెట్టారు. 1957 నాటి జాతినీ, 1978 నాటి జాతినీ మార్పు లేకుండా కాపాడుకుంటూ వచ్చారు. వాటి పక్కన 2005 నాటి బ్రాయిలర్‌ని పెట్టారు. మూడింటికీ ఒకే దాణా. 56 రోజులకు తూకం వేశారు. 1957 కోడి 905 గ్రాములు. 1978ది 1,808 గ్రాములు. 2005ది 4,202 గ్రాములు! ఆ వివరాలు 2014లో ప్రచురితమయ్యాయి. మేత మారలేదు, నీళ్లు మారలేదు. మారింది పుట్టుక ఒక్కటే. హార్మోన్ ఇంజెక్షన్లు చేసి కోళ్లను ఉబ్బిస్తారని ఊళ్లో ఇంకా నమ్మేవాళ్లకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. తరం తర్వాత తరం, బాగా తిని త్వరగా పెరిగే కోళ్లనే ఎంచి జత కట్టించడం వల్ల వచ్చిన మార్పు అది.

ఆ ఎంపిక పేగుల్నీ వదల్లేదు. అడవికోడితో పోలిస్తే బ్రాయిలర్ పేగులు శరీర బరువును బట్టి చూసినా పెద్దవి, పొడవైనవి. ఆకలి ఎక్కువ. తిన్నది పీల్చుకోవడానికి పేగును సిద్ధం చేశారు. కందనకాయకు మాత్రం పని తగ్గించేశారు. మెత్తని దాణా, పెల్లెట్లు దాని చేతికి వచ్చేసరికే సగం నలిగి ఉంటాయి. నలిపేవాడికి పనిలేదు, మోసేవాడికి ఊపిరాడదు... బ్రాయిలర్ కడుపులో పరిస్థితి ఇది.

సీమ ఎండలు ఇంకో పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటని రోజులు తక్కువ. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. తిన్నది అరిగేటప్పుడు మరికొంత వేడి పుడుతుంది. దానికి చెమట గ్రంథులు లేవు. ముక్కు తెరిచి రొప్పడమే దారి. అందుకే అనుభవమున్న రైతులు ఎండ ముదిరే వేళకు ముందే దాణా తొట్లు పైకెత్తేసి, చల్లబడ్డాక మళ్లీ దించుతారు. ఎక్కువ తినడానికే పుట్టిన కోడికి నడివేసవి మధ్యాహ్నం తిండే శత్రువు.

అరుగుదల కూడా ఆస్తేనా?

తండ్రి ఎత్తు కొడుక్కి వచ్చినట్టు అరిగించుకునే శక్తి కూడా పిల్లకి వస్తుందా? ఫ్రాన్స్‌లో తూర్ నగరం దగ్గరి జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న పట్టుకున్నారు. కావాలనే అరగడం కష్టమైన గోధుమ రకాన్ని కోళ్లకు పెట్టారు. తిన్న దాంట్లోంచి ఎంత శక్తి ఒంటికి పట్టిందో ఒక్కో కోడికీ లెక్క కట్టారు. బాగా అరిగించుకున్నవాటిని ఒక వంశంగా, సరిగా అరిగించుకోలేనివాటిని ఇంకో వంశంగా విడదీసి పెంచుతూ పోయారు. 2004లో వెలువడిన వారి లెక్కల ప్రకారం కోడికీ కోడికీ మధ్య అరుగుదలలో కనిపించే తేడాల్లో మూడో వంతుకు పైగా వారసత్వంగా వచ్చేదే.

రెండు వంశాల కోళ్లనూ కోసి చూస్తే అసలు సంగతి బయటపడింది. బాగా అరిగించుకునే వంశానికి కందనకాయ పెద్దది. అరిగించుకోలేని వంశానికి చిన్నపేగు బరువు. అంటే పైన నలగని గింజ భారమంతా కింద పేగు మీద పడుతోందన్నమాట. అవి అదే బరువుకు రావడానికి ఎక్కువ తింటాయి, ఎక్కువ రెట్ట వేస్తాయి. నార్వేలో పీచు పెట్టి కందనకాయను పెంచారు. ఫ్రాన్స్‌లో వంశాన్ని ఎంచి కందనకాయను పెంచారు. రెండు దారులూ వచ్చి కలిసింది ఒక్క చోటే.

మన నాటుకోడికి ఈ రెండూ ఎవరూ చెప్పకుండానే జరిగాయి. గట్టి గింజ, పొట్టు తిని బతకలేని పిల్ల పెరట్లో మిగల్లేదు. మిగిలినవాటి పిల్లలే మన గంపల కింద ఉన్నాయి. వాటి కందనకాయకు రోజూ పని దొరుకుతూనే ఉంది. పుట్టుక, తిండి ఒకదానికొకటి తోడయ్యాయి.

ప్రొద్దుటూరులో కొత్త కోళ్లు

మైదుకూరు దగ్గర పక్కకు తిరిగితే ప్రొద్దుటూరు. బంగారం, బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. ఇక్కడే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశువైద్య కళాశాల నడుస్తోంది. పశువులు, గొర్రెలు, కోళ్ల మీదే బతికే మెట్ట ప్రాంతం నడిబొడ్డున ఆ కళాశాల ఉండటం సబబే.

నాటుకోడికి ఉన్న లోటు అందరికీ తెలిసిందే. ఏడాదికి పెట్టే గుడ్లు యాభై, అరవై. పుంజు చేతికి రావాలంటే నెలలు పడుతుంది. ఆ లోటు పూడ్చడానికే హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తెచ్చింది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నుంచి రాజశ్రీ వచ్చింది. చూడ్డానికి నాటుకోళ్లలాగే రంగురంగుల్లో ఉంటాయి. పెరట్లో తిరిగి తింటూనే వనరాజా ఏడాదికి వందకు పైగా గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ఇంకా ఎక్కువ.

అయితే చాలా ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఈ పిల్లల్ని తెచ్చి మొదటి రోజు నుంచే నాటుకోడి పిల్లల్లా దిబ్బ మీదికి వదిలేస్తారు. పొదిగిన తల్లి పక్కన లేదు. కందనకాయ ఇంకా చేవదేరలేదు. గట్టి గింజ, పొట్టు దానికి అప్పుడే లొంగవు. అందుకే మొదటి ఆరు వారాలు వెచ్చగా ఉంచి, పిల్లల దాణా పెట్టి, కొక్కెర తెగులు టీకాలు వేయించి, ఆ తర్వాతే బయటికి వదలమంటారు. దాణా నుంచి గింజకు మార్చడం కూడా ఒక్కరోజులో కాదు. పగిలిన జొన్న, నూకలు కొద్దికొద్దిగా కలుపుతూ, వారం పది రోజుల్లో మొత్తం గింజకు తేవాలి. కాలికింద ఇసుక, చిన్న గులకరాళ్లు దొరకాలి.

రెండో పొరపాటు దీనికి సరిగ్గా తిరగబడిన రకం. నాటుకోడికి బ్రాయిలర్ దాణా పెడితే త్వరగా పెరుగుతుందని ఆశ. కెనడా పరీక్ష గుర్తుందిగా! పుట్టుకలో లేని వేగాన్ని దాణా తెచ్చిపెట్టలేదు. ఖరీదైన దాణా కొంత కొవ్వుగా, కొంత రెట్టగా మారుతుంది. నెమ్మదిగా పెరిగే కోడికి రోజుకు కావాల్సిన శక్తి తక్కువ. అందుకే కొర్ర పొట్టు, తౌడు కలిసిన తిండితోనూ అది నెట్టుకొస్తుంది. దానికి లోటు వచ్చేది ఎక్కువగా మాంసకృత్తులు, కాల్షియం దగ్గరే. కాస్త వేరుశనగ చెక్క, మునగాకు, పెట్టలకు గవ్వసున్నం పొడి... ఆ డబ్బుకి అవే ఎక్కువ పనిచేస్తాయి. బ్రాయిలర్ పిల్లని తెచ్చి పెరట్లో వదలడం మూడో పొరపాటు. దానికి గీకడం రాదు, పరిగెత్తడం రాదు. పొట్టుతో కడుపు నింపుకుని నీరసిస్తుంది, లేదంటే పిల్లికి దొరుకుతుంది.

ఇంకో మాట. కొత్త రకాలు వచ్చాయని పాతవాటిని వదులుకోకూడదు. పోట్లాటకు పేరుపడ్డ అసిల్, ఆంధ్రప్రదేశ్-కర్ణాటకలకు చెందిన ఘాగస్... ఈ రెండూ మన ప్రాంతపు జాతులుగా గుర్తింపు పొందినవి. హైదరాబాదు సంస్థ వీటిని కాపాడుతోంది కూడా. కరువు తిండితో బతకడం నేర్చిన ఆ వంశం ఒకసారి పోతే ఏ దాణా మిల్లూ దాన్ని తిరిగి తయారుచేయలేదు.

కడప చేరేసరికి...

కడపలో సంగటి, నాటుకోడి పులుసు దొరకని హోటలు వెతకాలంటే కష్టం. నాటుకోడికి బ్రాయిలర్ కన్నా ధర ఎక్కువే పలుకుతుంది. కొనేవాళ్లు ముందుగా చూసేది కాళ్ల రంగు, తోలు రంగు. ఈ పసుపు రంగు వెనకా ఓ కథ ఉంది. మొక్కజొన్న, ఆకుల్లో ఉండే పసుపు పదార్థం తిండితో పాటు కోడి ఒంట్లోకి వెళ్తుంది. కొన్ని జాతుల్లో ఒక జన్యువు ఆ రంగును తోలు దగ్గరే ముక్కలు చేసేస్తుంది. వాటి తోలు తెల్లగా ఉంటుంది. ఆ జన్యువు తోలులో పనిచేయని జాతుల్లో రంగు అలాగే నిలిచి తోలు, కాళ్లు పసుపుగా మారతాయి. ఈ రెండో రకం జన్యువు మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి పెంపుడు కోడికి వచ్చిందని స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తల బృందం 2008లో తేల్చింది. తిండి రంగునిస్తే, ఆ రంగు ఉండాలా పోవాలా అన్నది పుట్టుక నిర్ణయిస్తుంది. అరుగుదల విషయంలో జరిగేదీ ఇలాంటిదే.

కోడి మనిషి ఇంటికొచ్చిన కథ కూడా గింజతోనే ముడిపడి ఉంది. ఆగ్నేయాసియాలో వరి, చిరుధాన్యాలు పండించడం మొదలయ్యాక, ఆ గింజల కోసం ఎర్ర అడవికోళ్లు చెట్లు దిగి ఊళ్ల దగ్గరికి చేరాయనీ, సుమారు 3,500 ఏళ్ల కిందట అవి పెంపుడు కోళ్లయ్యాయనీ 2022లో వచ్చిన పరిశోధన చెబుతోంది. అంటే కొర్రచేను పక్కన కోడి తిరగడం నిన్నమొన్నటి దృశ్యం కాదు.

మరి ఆ చేనే తగ్గిపోతే? తిరుగు ప్రయాణంలో నంద్యాల నల్లరేగడి నేలల్ని మళ్లీ చూడండి. ఒకప్పుడు జొన్న పండిన పొలాల్లో చాలావాటిని ఇప్పుడు శనగ ఆక్రమించింది. 1999లో జేజీ-11 రకం వచ్చాక రైతు శనగతో నాలుగు రూపాయలు కళ్లజూశాడు. అతణ్ని తప్పుపట్టలేం. కానీ కంకులు కల్లానికి రాని ఇంట కోడికి రాలిన గింజ దొరకదు. పంట యంత్రంతో పొలంలోనే నూర్చి బస్తాలకెత్తితే కల్లమే ఉండదు. పెరటికోడి నిలబడింది ఇన్నాళ్లూ ఈ రాలుగింజల మీదే. అది లేనప్పుడు దుకాణం నుంచి నూకలో, దాణానో కొనాలి. అప్పుడు పెరటికోడి కూడా ఖర్చు లెక్కలోకి వస్తుంది.

జవాబు కష్టమైనదేం కాదు. చేను గట్టు మీదో, శనగ పక్కన రెండు సాళ్లలోనో జొన్న, సజ్జ వేసుకుంటే ఇంటి కోళ్లకు ఏడాది గింజ వచ్చేస్తుంది. కొర్రలు దంచినప్పుడు వచ్చే పొట్టును పారేయకుండా పెద్ద కోళ్ల మేతలో కొద్దిగా కలపొచ్చు. చిరుధాన్యాల గిరాకీ మళ్లీ పెరుగుతున్న ఈ రోజుల్లో పగిలిన, నాసిరకం గింజ తక్కువ ధరకే దొరుకుతుంది. హైదరాబాదు సంస్థలోనూ మొక్కజొన్న బదులు సజ్జ, కొర్ర, రాగి పెట్టి కోళ్ల మీద ఎన్నో ప్రయోగాలు చేశారు.

కాబట్టి కోడిపిల్లల బుట్ట ముందు నిలబడినప్పుడు ధర ఒక్కటే అడగకండి. ఇది ఏ జాతిది, మన ఇంట్లో దీనికి పెట్టగలిగేది ఏమిటి అన్న రెండు ప్రశ్నలూ కలిపి అడగండి. షెడ్డూ, తూకం దాణా ఉన్నవాళ్లకి బ్రాయిలర్. ఆరు వారాలు ఓపికగా సాకగలిగితే వనరాజా, గ్రామప్రియ. దిబ్బా, కొట్టం, గుప్పెడు జొన్నలు మాత్రమే ఉన్న ఇంటికి మన నాటుపెట్టే మేలు. దాని కందనకాయ ఆ తిండికే తయారైంది.